బీమాలో రోడ్డు సహాయం ఉండగా విడిగా మరో పథకం తీసుకోవాలా?

1వ టపా (ప్రశ్న)

మా కారు కొని ఆరేళ్లయింది. వారంటీతో పాటు తయారీ సంస్థ ఇచ్చిన రోడ్డు సహాయం కూడా ఎప్పుడో ముగిసింది. బీమా పాలసీలో రోడ్‌సైడ్ అసిస్టెన్స్ అనే అనుబంధం ఉంది. దానికి ఏటా కడుతూనే ఉన్నాను గాని, వాడవలసిన అవసరం ఇంతవరకు రాలేదు. ఇప్పుడు ఈ సేవకే పరిమితమైన ఒక సంస్థ వారు సభ్యత్వం తీసుకోమంటున్నారు. బ్యాటరీ దిగిపోతే జంప్ స్టార్ట్ (వేరే బ్యాటరీ కరెంటుతో ఇంజిను లేపడం), పంక్చరైతే స్టెప్నీ బిగించడం, ఇంధనం అయిపోతే తెచ్చి పోయడం, తాళంచెవి లోపల ఉండిపోతే తలుపు తీయించడం, ఏదీ కుదరకపోతే బండిని షెడ్డుకు చేర్చడం: రెండు జాబితాల్లోనూ ఇవే కనిపిస్తున్నాయి. ఇంట్లో నేనూ నా భార్యా ఇద్దరమూ నడుపుతాం. ఆమె వారానికి రెండు రాత్రులు, కొన్నిసార్లు తన కార్యాలయం వారి కారులో, ఊరి బయటి రహదారి మీద ఒంటరిగా రావలసి ఉంటుంది. ఉన్నది సరిపోతుందా?

2వ టపా

సరిపోతుందనే నా అభిప్రాయం. ఒకే సేవకు రెండుచోట్ల డబ్బు కట్టడం అనవసరం. దారిలో బండ్లు ఆగడానికి సామాన్యంగా కనిపించే కారణాలు బ్యాటరీ, టైర్లు. ఈ రెండూ ముందుగా చూసుకోగలిగినవే. 12 వోల్టుల బ్యాటరీ మామూలుగా 3 నుండి 5 ఏళ్లు పనిచేస్తుంది. బండి కొన్ని గంటలు ఆగి ఉన్న తరువాత మీటరు పెట్టి చూస్తే 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. 12.2కు దిగిందంటే సగం ఖాళీ అయినట్లే. సెల్ఫ్ (ఇంజినును లేపే మోటారు) బరువుగా తిరుగుతున్నప్పుడే బ్యాటరీ మార్చివేస్తే నడిరోడ్డు మీద ఆగవలసిన గతి పట్టదు. స్టెప్నీలో గాలి, డిక్కీలో జాకీ, చేతికి అందేలా ఒక చిన్న జంప్ స్టార్టరు ఉంచుకోండి. సభ్యత్వానికి కట్టే సొమ్మును ఏటా పక్కన పెట్టుకుంటే, ఎప్పుడో ఒకసారి టోయింగ్ (ఆగిన బండిని మరో బండితో షెడ్డుకు చేర్పించడం) చేయించవలసి వచ్చినా ఆ నిధిలోనుంచే చెల్లించవచ్చు. పైగా చాలాచోట్ల బీమా సంస్థ తరఫున వచ్చేదీ, సభ్యత్వ సంస్థ తరఫున వచ్చేదీ ఆ ప్రాంతంలో కాంట్రాక్టు పొందిన ఒకే టోయింగ్ బండి.

3వ టపా

పై టపాలోని మాట బ్యాటరీ, టైర్ల వరకు నిజమే. అయితే నేను కొన్నేళ్లపాటు రోడ్డు సహాయ కేంద్రంలో ఫోన్లు అందుకునే ఉద్యోగం చేశాను. అక్కడ వాహనదారులకు కష్టం కలిగింది జాబితాలో సేవ లేకపోవడం వల్ల కాదు. ఉన్న సేవ ఎంతవరకు వస్తుందో వారికి ఆ క్షణం వరకు తెలియకపోవడం వల్ల. కాబట్టి రెండు జాబితాలనూ పక్కపక్కన పెట్టి పోల్చడం ఆపి, నియమాల పత్రం చదవమని ప్రశ్న వేసిన మిత్రులను కోరుతున్నాను.

అన్నిటికంటే ముందు చూడవలసింది టోయింగ్. బండిని ఎంత దూరం లాగుతారు, ఎక్కడికి లాగుతారు అనేవి రెండు వేరు వేరు ప్రశ్నలు. ‘దగ్గరలోని షెడ్డు వరకు’ అని రాసి ఉంటే, ఆ షెడ్డు మీ బండి రకం తెలిసినది కానక్కరలేదు. అక్కడ పని కాకపోతే మరోచోటికి తీసుకువెళ్లే ఖర్చు మీదే అవుతుంది. ‘మీరు కోరిన చోటికి, ఇన్ని కిలోమీటర్ల వరకు’ అని ఉంటే అది వేరే స్థాయి రక్షణ. ఇక ఎలా లాగుతారన్నది కూడా అడగాలి. ఆటోమేటిక్ గేర్లున్న చాలా బండ్లలో గేరుబాక్సుకు నూనె అందించే పంపు ఇంజిను తిరిగినప్పుడే పనిచేస్తుంది. ఇంజిను ఆపి, నడిపే చక్రాలను నేలమీద ఉంచి దూరం లాగితే లోపలి భాగాలు నూనె లేకుండా తిరిగి అరిగిపోతాయి. నాలుగు చక్రాలకూ శక్తి అందే బండ్లనూ, విద్యుత్ కార్లనూ మొత్తంగా ఫ్లాట్‌బెడ్ (కారును పైకెక్కించుకుని మోసుకెళ్లే చదునైన లారీ) మీదికి ఎక్కించడమే సురక్షితం, ఎందుకంటే విద్యుత్ కారులో చక్రం తిరిగితే మోటారు కూడా తిరిగి కరెంటు పుట్టించవచ్చు. ఇలాంటి బండి ఉన్నవారి పత్రంలో ఫ్లాట్‌బెడ్ మాట లేకపోతే నేను వేరే పథకమే తీసుకోమంటాను.

రెండవది, రక్షణ బండికా, మనిషికా అన్నది. బీమా అనుబంధం సాధారణంగా ఆ ఒక్క బండికే చెందుతుంది. వాహనదారుల సంఘాలు అలా పుట్టలేదు; 1902లో అమెరికాలోనూ, 1905లో బ్రిటన్‌లోనూ ఏర్పడిన పెద్ద సంఘాలు సభ్యత్వం మీద నిలిచినవి. ఆ పద్ధతిలోని వ్యక్తిగత సభ్యత్వంలో మీరు ఎవరి కారులో ఉన్నా సహాయం కోరవచ్చు. మీ భార్య గారు కార్యాలయం కారులో వచ్చే రాత్రి, మీ కారు మీద ఉన్న అనుబంధం ఆమెకు పనికిరాదు. ఆమె పేరున సభ్యత్వం ఉంటే పనికివస్తుంది. ఈ ఒక్క కారణం వల్లనే మీ విషయంలో నా మొగ్గు విడి పథకం వైపు ఉంది.

బీమా ద్వారా సహాయం తీసుకుంటే దాన్ని క్లెయిముగా నమోదు చేస్తారా, మరుసటి ఏడాది ప్రీమియంపై ప్రభావం పడుతుందా అని కూడా రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. ఈ విషయంలో ఒక్కొక్కరి నియమం ఒక్కొక్క విధంగా ఉంటుంది.

4వ టపా

నాకు క్రెడిట్ కార్డుతో పాటు రోడ్డు సహాయం ‘ఉచితంగా’ వచ్చింది. ఒక రాత్రి బండి ఆగినప్పుడు ఫోను చేస్తే మనిషిని పంపారు, కాని ఖర్చంతా నేనే చెల్లించవలసి వచ్చింది. వారి బాధ్యత సేవ చేసేవారితో నన్ను కలపడం వరకేనని పత్రంలో చిన్న అక్షరాల్లో ఉంది. తప్పు వారిదని అనను, చదవకపోవడం నాదే. కొన్ని పథకాల్లో ముందు మనం చెల్లించి, రసీదు పంపి, తరువాత పరిమితి మేరకు వెనక్కి తీసుకోవాలి. చేతిలో డబ్బు లేని సమయంలో, సంస్థే నేరుగా చెల్లించే పద్ధతికీ దీనికీ ఎంత తేడా ఉంటుందో అనుభవించినవారికే తెలుస్తుంది.

5వ టపా (2వ టపా రాసిన సభ్యుడు)

ఎవరి బండిలో ఉన్నా వర్తించే సభ్యత్వం గురించి నేను ఆలోచించలేదు. ఆ దంపతుల విషయంలో అది బలమైన కారణమేనని ఒప్పుకుంటున్నాను. అయినా విడి పథకం కొనేవారు దాని పరిమితులను కూడా అంతే శ్రద్ధగా చదవాలి. ఏడాదికి ఎన్నిసార్లు పిలవవచ్చో లెక్క ఉంటుంది. కొన్న వెంటనే అమలులోకి రాకపోవచ్చు, అప్పటికే ఆగి ఉన్న బండికి వర్తించకపోవచ్చు. ఇంధనం తెచ్చిపెట్టడం ఉచితమైనా ఇంధనం ధర సాధారణంగా మనదే. స్టెప్నీ మార్చడం జాబితాలో ఉన్నా, కొత్త బండ్లలో చాలావాటికి స్టెప్నీయే లేదు, పంక్చరు పూడ్చే ద్రవం మాత్రమే ఇస్తున్నారు. టైరు పక్క గోడ చీలితే ఆ ద్రవం పనిచేయదు కాబట్టి అదీ చివరకు టోయింగే అవుతుంది. మట్టిదారిలోకి దిగి కూరుకుపోయిన బండిని బయటికి లాగడం కొన్ని పథకాల్లో ఉండదు. అన్నిటికీ మించి, ‘ఇంత సమయంలో వస్తాం’ అన్న మాట ప్రకటనలో ఉందా, ఒప్పందంలో ఉందా చూడండి. ఎక్కువ తిరగని, పగటిపూట జనసంచారం ఉన్న దారుల్లోనే నడిపే, ఒకే బండి ఉన్న ఇంటికి మాత్రం వేరే పథకం అనవసరమన్న నా అభిప్రాయం మారలేదు.

6వ టపా (ప్రశ్న వేసిన సభ్యుడు)

ఇద్దరు మిత్రులు చెప్పినట్లు కూర్చుని పత్రం పూర్తిగా చదివాను. మా బీమా అనుబంధంలో టోయింగ్ దగ్గరలోని షెడ్డు వరకే. మా కారు ఆటోమేటిక్, కాని ఫ్లాట్‌బెడ్ ప్రస్తావన ఎక్కడా లేదు. సభ్యత్వ సంస్థ వారిని అడిగితే, తమది మనిషికి చెందే రక్షణేనని, కోరిన చోటికి చేరుస్తామని, ఫ్లాట్‌బెడ్ పంపుతామని ఈమెయిలులో రాసి ఇచ్చారు. సమయం మాత్రం హామీ ఇవ్వలేమన్నారు. నా భార్య పేరున ఒక్క సభ్యత్వం తీసుకుని, పాలసీ పునరుద్ధరణ సమయంలో బీమా అనుబంధాన్ని తీసివేయాలని నిర్ణయించుకున్నాం. నేను నడిపేది ఎక్కువగా పగలు, ఊరిలోనే కాబట్టి నా పేరున తీసుకోవడం లేదు. బ్యాటరీకి ఇది నాలుగో ఏడు. ఈ ఉదయం చూస్తే 12.3 వోల్టులు చూపింది, రేపు మార్పిస్తున్నాను.