కడుపు క్యాన్సర్‌కి కీహోల్ ఆపరేషన్: ఓపెన్ కంటే భద్రమా?

పాతకాలం_ఓటీ:
చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో చేస్తారు, గాటు చిన్నదని మురిసిపోతే ఎలా? ముక్క బయటికి తియ్యడానికి ఎలాగూ నాలుగైదు సెంటీమీటర్లు కొయ్యాల్సిందే. అసలు పని డీ2, అంటే క్యాన్సర్ పాకే లింఫ్ గ్రంథుల్ని (నోడ్లని) దూరందాకా తియ్యడం. హెపాటిక్, స్ప్లీనిక్, సీలియాక్ ధమనుల చుట్టూ ఉన్న నోడ్లన్నీ ఊడ్చినట్టు రావాలి. అది కెమెరాలో చూస్తూ అందరికీ కుదిరే పని కాదు.

మినీపోర్ట్:
జపాన్‌లో 1991లోనే మొదలైన ఆపరేషన్ సార్ ఇది, కొత్త వింతేం కాదు. చైనా వాళ్ళ క్లాస్-01 ట్రయల్‌లో ముదిరిన క్యాన్సర్ ఉన్న 1,056 మందిని తీసుకున్నారు. మూడేళ్ళకి జబ్బు తిరగబెట్టనివాళ్ళు కీహోల్‌లో 76.5 శాతం, ఓపెన్‌లో 77.8. కొరియా వాళ్ళ క్లాస్-02 ట్రయల్‌లో తొలి రోజుల కాంప్లికేషన్లు కీహోల్‌లో 16.6 శాతం, ఓపెన్‌లో 24.1. ఇంకేం కావాలి?

పాతకాలం_ఓటీ:
ఆ రెండూ కింది భాగం తీసే డిస్టల్ కేసులు. కడుపు మొత్తం తీస్తే అన్నవాహికని చిన్నపేగుకి కలపాలి. డయాఫ్రం కింద ఇరుకులో పిన్నులతో కుట్టే స్టాప్లర్ పెట్టాలి, లాగుడు పడకూడదు, రక్తం ఆడాలి. అక్కడ లీకైతే ఛాతీలో చీము. డిస్టల్ లెక్క తెచ్చి టోటల్‌కి అంటించకండి.

మినీపోర్ట్:
నోడ్ల గురించి మొదలెట్టి లీకుకి దూకారు. నోడ్ల సంగతి తేల్చండి ముందు.

పాథాలజీ_బల్ల:
నోడ్లు తగ్గితే ప్రతిసారీ సర్జన్ తప్పే కాదు. జబ్బు ఎంత పాకిందో తేల్చే స్టేజింగుకి కనీసం 16 నోడ్లు కావాలి. కొవ్వంతా ఒకే ముద్దగా ఫార్మలిన్‌లో పడేసి పంపితే ఎవరు గాలిస్తారు? బల్ల మీదే స్టేషన్ల (నోడ్లు ఉండే చోట్ల) వారీగా విడదీసి వేరువేరు సీసాల్లో పెట్టండి. కీమో అయ్యాక అవి ఇంకా కుంచించుకుపోతాయి.

మత్తు_వైపు:
పొగతాగే మనిషికి పైపొట్ట నిలువుకోత పడితే నొప్పికి దగ్గడు, కఫం దిగబడి న్యుమోనియా వస్తుంది. అక్కడ కీహోలే మేలు. కానీ పొట్ట ఉబ్బించడానికి 12 మి.మీ. పాదరసం ఒత్తిడిలో గ్యాసు, పైగా తల ఎత్తిన బల్ల, గుండె బలహీనంగా ఉంటే బీపీ పడిపోతుంది. ఎంతసేపు పడుతుందో ముందే చెప్పండి బాబూ.

పాతకాలం_ఓటీ:
కంపనాల వేడితో కోసే హార్మోనిక్ పరికరం సంగతో? దాని చురుకు బ్లేడు పాంక్రియాస్‌కి తగిలితే కాలుతుంది. మూడో రోజు డ్రెయిన్ గొట్టంలో వచ్చే ద్రవంలో అమైలేజ్ (పాంక్రియాస్ ఎంజైము) రక్తంలో ఉండాల్సిన పైహద్దుకి మూడు రెట్లు దాటితే అప్పుడు తెలుస్తుంది, పాంక్రియాస్ రసం కారుతోందని.

మినీపోర్ట్:
చురుకు బ్లేడు పైకి తిప్పి పట్టుకోవాలి, చల్లారేదాకా దేనికీ ఆనించకూడదు, పాంక్రియాస్‌ని పట్టుకారులాంటి గ్రాస్పర్‌తో గిల్లకుండా గాజుగుడ్డతో నొక్కాలి. మొదటి రోజు నేర్పే పాఠం. మీకు చేతకాలేదని పద్ధతిని తిడతారేంటి?

పాతకాలం_ఓటీ:
చేతకాకపోవడమా! మీరు చెప్పిన క్లాస్-02లోకి రావాలంటే సర్జన్ 50 కీహోల్‌తో పాటు 50 ఓపెన్ కూడా చేసి ఉండాలి. వీడియోలు చూసి మరీ ఒప్పుకున్నారు. ఇక్కడి పిల్లలు ఓపెన్ డీ2 ఎన్ని చూశారు? స్ప్లీనిక్ ధమని చిట్లితే క్లిప్పు మీద క్లిప్పు వేస్తూ కూర్చుంటారు. కన్వర్షన్, అంటే కీహోల్ ఆపి ఓపెన్‌కి మారడం, రిజిస్టర్లో ఓటమి కింద రాస్తారని భయం. నా గొడవంతా అదే, గాటు పొడవు కాదు.

మినీపోర్ట్:
ఆ మాట మొదటి పోస్టులోనే రాసుంటే ఇంత వేడెక్కేది కాదుగా. ఓపెన్ నేర్పాలి, ఒప్పుకుంటా. అందుకోసం పేషెంటు పొట్ట కొయ్యాలంటే మాత్రం ఒప్పుకోను.

పాతకాలం_ఓటీ:
మరి దేని మీద నేర్చుకుంటారు? మేక మీదా?

సీటీ_గది:
స్టేజింగ్ లాప్రోస్కోపీ, అంటే ముందే కెమెరా పెట్టి జబ్బు ఎంత పాకిందో చూడటం, ఎవరూ ఎత్తలేదే! పెరిటోనియం (పొట్ట లోపలి పొర) మీద ఆవగింజంత మచ్చలు సీటీలో పడవు. అవి ఉన్నాయని తేలితే మీ ఇద్దరి ఆపరేషనూ అక్కర్లేదు, కీమోకి పంపడమే.

రాత్రిడ్యూటీ:
కీహోల్‌లో లోపలి భాగాలు ఒకదానికొకటి అతుక్కోవడం తక్కువ, అందుకని పేగు ఖాళీల్లోకి సులువుగా దూరుతుంది. పైకి తెచ్చి కలిపిన పేగు వెనక మిగిలే పీటర్సన్ ఖాళీ కుడుతున్నారా?

మినీపోర్ట్:
కుడతాం, కరగని దారంతో.

పాతకాలం_ఓటీ:
రూ-ఎన్-వై (పేగుని వై ఆకారంలో కలిపే పద్ధతి) అయితే డిస్టల్‌లో కూడానా?