అప్‌డేట్: ఓట్స్ ఎందుకు చేదెక్కాయో తెలిసింది

రాత్రి పాలలో నానబెట్టిన ఓట్స్ పొద్దునకి జిగురుగా, చేదుగా అవుతున్నాయని అడిగాను కదా, తప్పు రెండు చోట్లా నాదే. త్వరగా మెత్తబడే ఇన్‌స్టంట్ ఓట్స్ మానేసి, కాస్త మందంగా ఉండే రోల్డ్ ఓట్స్ తెచ్చాక ముద్ద అవడం లేదు. చేదేమో రాత్రే అందులో కలిపేసిన పైనాపిల్ వల్ల, ఉడికించని తాజా ముక్కల్లోని ఎంజైమ్ రాత్రంతా పాలలోని ప్రొటీన్‌ని విరగ్గొడుతుందని మీలో ఒకరు చెప్పింది నిజమే. ఇప్పుడు అరకప్పు ఓట్స్, అరకప్పు పాలు, రెండు చెంచాల పెరుగు, చిటికెడు దాల్చినచెక్క పొడి, దంచిన యాలక్కాయ ఒకటి, కొన్ని ఎండుద్రాక్ష కలిపి ఫ్రిజ్‌లో పెట్టేస్తున్నా, అరటిపండు మాత్రం పొద్దున్నే కోసి వేస్తా, లేకపోతే నల్లబడుతోంది. లవంగం పొడి కూడా ప్రయత్నించా, పంటినొప్పికి మందు తిన్నట్టే ఉంది, వద్దు. మా అత్తయ్య "ఇది చల్లటి జావే కదా" అంటూనే ఇంకో గిన్నె అడిగారు.