నైజాం షేర్ అంటే ఎవరి వాటా?

కోదాడ నుంచి ప్రశ్న: పోస్టర్ల మీద "నైజాం షేర్ ఇన్ని కోట్లు" అని ఏస్తరు. ఎవరి వాటా అది? గ్రాస్‌కు, షేర్‌కు నడుమ ఏం పోతది? సినిమా వ్యాపారం ఏరియాలల్ల మా కోదాడ నైజామైతే, పక్కనున్న జగ్గయ్యపేట కృష్ణా ఎట్లయింది?

నల్లగొండ నుంచి: ఆ ఏరియాల సినిమా ఆడిచ్చే హక్కులు కొన్న డిస్ట్రిబ్యూటర్ వాటా అన్నా. టికెట్ల మీదొచ్చిన మొత్తం గ్రాస్. జీఎస్టీ తీసేస్తే నెట్. నెట్ల నుంచి థియేటర్‌ది పోంగ మిగిలేది షేర్. టికెట్ 177 రూపాయలనుకోరి. వంద దాటిన టికెట్‌కు జీఎస్టీ 18 శాతం, అంటే 27 పన్ను, 150 నెట్. 400 సీట్లు నిండితే గ్రాస్ 70,800, నెట్ 60,000. నెట్‌ను థియేటర్, డిస్ట్రిబ్యూటర్ సగం సగం పంచుకునే పర్సెంటేజీ పద్ధతి అయితే షేర్ 30,000.

సింగిల్ స్క్రీన్ల పర్సెంటేజీ కాకుండ, థియేటర్‌కు వారానికింత అని కిరాయి మాట్లాడుకుంటే లెక్క మారుతది. వారానికి 2 లక్షలనుకోరి. మొదటి వారం నెట్ 6 లక్షలొస్తే షేర్ 4 లక్షలు. రెండో వారం లక్షన్నరే వస్తే కిరాయే ఎల్లదు, తక్కువబడ్డ 50 వేలు డిస్ట్రిబ్యూటరే కట్టాలె. దీన్నే డెఫిసిట్ అంటరు. గ్రాస్ పెరుగుతనే ఉంటది, షేర్ మాత్రం తరుగుతది. హక్కులకు పెట్టిన పైసలు షేర్ తోనే ఎల్లాలె, కాబట్టి గ్రాస్ చూసి హిట్టు అనుడు సరికాదు. పర్సెంటేజీల అయితే ఈ దెబ్బ థియేటర్ ఓనర్ మీద గూడ పడతది. ఏ పద్ధతి ఉండాలన్న దాని మీద ఓనర్లకు, డిస్ట్రిబ్యూటర్లకు నడుమ కొట్లాట అందుకే.

గద్వాల నుంచి: ఇంకోటి చూడాలె. పోస్టర్ మీద "హైర్లతో కలిపి" అని ఉంటే, థియేటరాయన ముందుగాలనే ఇంత అని కట్టిన పైసలు గూడ అండ్లనే కలిపిండ్రన్నట్టు. మొదటి రోజు షేర్ ఉబ్బి కనిపిస్తది, తర్వాత రోజులల్ల ఆ థియేటర్ల నుంచి కొత్తగ ఏం రాదు.

ఏరియాల గీతలు పాత పాలనవి. కోదాడ హైదరాబాద్ రాజ్యం, జగ్గయ్యపేట మద్రాసు దిక్కు. మా అలంపూర్ నైజాం, తుంగభద్ర దాటితే కర్నూలు సీడెడ్. 1800 సంవత్సరంల నిజాం ఈస్టిండియా కుంఫిణీకి వదిలిన దత్తమండలాలనే ఇంగ్లీషుల సీడెడ్ అన్నరు. 1928ల రాయలసీమ అని పేరు పెట్టుకున్నా, సినిమా వ్యాపారంల సీడెడే నిలిచింది. ఇప్పుడు టికెట్ ధరల జీవోలు గూడ రెండు రాష్ట్రాలకు వేరే వేరే. ఒక్క సినిమానే అయినా కోదాడ షేర్‌ను జగ్గయ్యపేట షేర్‌తోని పోల్చేముందు రెండు దిక్కుల టికెట్ ధర చూడాలె.