రైజెన్ 5 7600నా, ఐ5 13400నా? పాత డీడీఆర్4 ర్యామ్ చేతిలో ఉంది

నిజాంపేట్_బ్యాకెండ్:

అన్నలూ, అక్కలూ, కొంచెం ఓపిగ్గా చదవండి. ఇంట్లో ఉన్నది ఐ5 7400 మెషీన్. ఇంకా పనిచేస్తూనే ఉంది గానీ, విండోస్ 10కి సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, విండోస్ 11 ఈ ప్రాసెసర్‌ని ఒప్పుకోదు, ఆఫీసు వాళ్ళేమో సొంత మెషీన్ నుంచి లాగిన్ కావాలంటే 11 ఉండాల్సిందే అంటున్నారు. కాబట్టి ప్రాసెసర్, బోర్డు మార్చక తప్పదు.

నేను చేసేది జావా పని. డాకర్‌లో నాలుగైదు కంటెయినర్లు (విడివిడిగా నడిచే ప్రోగ్రామ్ పెట్టెలు) ఎప్పుడూ నడుస్తుంటాయి, ఒక్కోసారి ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్ కూడా. సాయంత్రం అయ్యాక మా ఆవిడ అదే మెషీన్ మీద తన వంటల ఛానల్ వీడియోలు ప్రీమియర్‌లో ఎడిట్ చేస్తుంది. గేమ్స్ ఆడేవాళ్ళెవరూ లేరు. గ్రాఫిక్స్ కార్డు లేదు, ఇప్పట్లో కొనే ఉద్దేశమూ లేదు. ర్యామ్ మాత్రం 16 జీబీవి రెండు ఉన్నాయి, డీడీఆర్4 3200, బాగానే పనిచేస్తున్నాయి.

సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో అడిగితే ఒక షాపులో ఏఎండీ వాళ్ళ రైజెన్ 5 7600 తప్ప వేరే మాట లేదు. పక్క షాపులో ఇంటెల్ ఐ5 13400ఎఫ్ తీసుకోండి, ఇంకా చవక అన్నారు. రెండు కొటేషన్లూ రాయించుకుని వచ్చాను. చిప్ ధరలో తేడా పెద్దగా లేదు, మొత్తం బిల్లులో మాత్రం చాలా ఉంది. కనీసం ఐదారేళ్ళు వాడాలి. ఏం చెయ్యమంటారు?

మలక్‌పేట్_బెంచ్:

ముందు ఆ ఎఫ్ సంగతి తేల్చుకో తమ్ముడూ. ఎఫ్ ఉన్న చిప్‌లో గ్రాఫిక్స్ ఉండదు. నీకు కార్డు లేదు కాబట్టి 13400ఎఫ్ తెచ్చి పెడితే మానిటర్ మీద ఏమీ రాదు. కార్డు ఉందా అని ఒక్క మాట అడగకుండా అది అంటగట్టే షాపుకి మళ్ళీ వెళ్ళక్కర్లేదు. ఎఫ్ లేని 13400లో యూహెచ్‌డీ 730 ఉంటుంది. 7600లోనూ చిన్న రేడియాన్ ఉంది, డిస్‌ప్లే కోసమైతే అది చాలు.

ఇక అసలు విషయం. రెండూ 2023 జనవరిలో వచ్చినవే. 7600లో 6 కోర్లు, 12 థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరుసలు), 5.1 గిగాహెర్ట్జ్ దాకా వెళ్తుంది, 32 ఎంబీ ఎల్3 క్యాష్. 13400లో 6 పెద్ద కోర్లు, 4 చిన్న కోర్లు కలిపి 16 థ్రెడ్లు, 4.6 గిగాహెర్ట్జ్ దాకా, 20 ఎంబీ క్యాష్. కోర్‌కి కోర్ చూస్తే 7600దే పైచేయి, అందులో అనుమానం లేదు. మంచి కార్డు పెట్టి గేమ్స్ ఆడేవాళ్ళకి ఆ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కోర్లన్నీ ఒకేసారి పనిచేసే చోట, అంటే వీడియో ఎక్స్‌పోర్టు, పెద్ద బిల్డు, నీ కంటెయినర్ల గుంపు, అక్కడ ఆ నాలుగు చిన్న కోర్ల పుణ్యమా అని ఇంటెల్ పక్కకొచ్చి నిలబడుతుంది, కొన్ని పనుల్లో కాస్త ముందుంటుంది కూడా.

నీ బిల్లులో తేడా చిప్ వల్ల కాదు, ర్యామ్ వల్ల. 7600 కూర్చునేది ఏఎం5 సాకెట్ (చిప్ దిగే చోటు) ఉన్న బోర్డు మీద, దానికి కొత్త తరం ర్యామ్ డీడీఆర్5 తప్ప వేరే దారి లేదు. 2025 చివర్లో ఏఐ డేటా సెంటర్ల గిరాకీకి ర్యామ్ ధరలు ఎక్కడికి పోయాయో చూశాం కదా. 13400 డీడీఆర్4ని తీసుకుంటుంది, డీడీఆర్5నీ తీసుకుంటుంది, బోర్డుని బట్టి. డీడీఆర్4 బోర్డు కొంటే నీ 32 జీబీ ఉన్నది ఉన్నట్టు అందులో పెట్టుకోవచ్చు. నా ఓటు ఎఫ్ లేని 13400కే. 14400 అదే ధరకి దొరికితే అది తీసుకో, రెండూ దాదాపు ఒకటే, క్లాక్ 4.7 దాకా వెళ్తుంది, అంతే.

సైనిక్‌పురి_ఏఎం5:

నేను ఒప్పుకోను. ఐదారేళ్ళు అంటున్నారు, అప్పుడు ఈ రోజు బిల్లు ఒక్కటే చూస్తే ఎలా? 13400 సాకెట్ ఎల్‌జీఏ1700. 12, 13, 14 తరాలతో దాని కథ ముగిసింది, 2024 అక్టోబర్‌లో వచ్చిన కోర్ అల్ట్రా 200 సిరీస్‌కి ఇంటెల్ ఎల్‌జీఏ1851 పెట్టింది. ఏఎం5 అలా కాదు, 2027 దాకా, ఆ తర్వాత కూడా సపోర్ట్ ఉంటుందని ఏఎండీ బహిరంగంగా చెప్పింది. ఇప్పుడు 7600 పెట్టుకుంటే, రేపు బయాస్ (బోర్డు లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసి అదే బోర్డు మీద 9000 సిరీస్‌ది ఏదైనా పెట్టుకోవచ్చు. అంతకుముందు సాకెట్ ఏఎం4కి కూడా వాళ్ళు ఇలాగే చేసి చూపించారు, 2017లో బోర్డు కొన్నవాళ్ళు చాలామంది తర్వాత బయాస్ మార్చుకుని 5000 సిరీస్ వాడారు.

కరెంటు కూడా చూడండి. రెండింటి పెట్టె మీదా 65 వాట్లనే ఉంటుంది. కానీ పూర్తి లోడ్‌లో 7600 గరిష్ఠంగా 88 వాట్ల దగ్గర ఆగుతుంది, 13400కి ఇంటెల్ ఇచ్చిన గరిష్ఠ పరిమితి 148. ఏప్రిల్, మే నెలల్లో ఏసీ లేని గదిలో ఈ తేడా ఫ్యాన్ చప్పుడులోనే తెలుస్తుంది. డీడీఆర్4 ధర కూడా పెరిగే ఉంది, మీ స్టిక్కులు అమ్మితే కొంత వెనక్కి వస్తుంది.

మలక్‌పేట్_బెంచ్:

చెప్పిందంతా నిజమే, కానీ ఈయన 7400 మెషీన్‌ని విండోస్ కాదనేదాకా వాడారు. మధ్యలో ఆ బోర్డు మీదికి ఐ7 తెచ్చుకోవచ్చు, తెచ్చుకోలేదు. తర్వాత మార్చుకుంటాం అని ముందే డబ్బు కట్టి, ఎప్పటికీ మార్చని వాళ్ళే నాకు ఎక్కువ కనబడతారు. మూడేళ్ళకోసారి చిప్ మార్చే అలవాటు ఉన్నవాళ్ళకి మాత్రం నేనూ ఏఎం5 అనే చెబుతాను.

అమీర్‌పేట్_ఎడిటర్:

ఇంతసేపూ ఇంటావిడ పని గురించి ఎవరూ అడగలేదు. వీడియోలు ఫోన్‌తో తీస్తారా, కెమెరాతోనా? కెమెరా అయితే మెనూలో రికార్డింగ్ ఫార్మాట్ చూసి చెప్పండి. హెచ్.265లో 4:2:2 10 బిట్ (రంగుల వివరం ఎక్కువగా ఉంచే వీడియో ఫార్మాట్) అని ఉంటే ఇది మొత్తం తేలిపోతుంది. ఆ ఫార్మాట్‌ని 13400లోని క్విక్ సింక్ (చిప్‌లో వీడియో కోసమే ఉన్న భాగం) హార్డ్‌వేర్ మీదే డీకోడ్ చేస్తుంది, 7600లో ఉన్న రేడియాన్ చెయ్యలేదు, భారమంతా కోర్ల మీద పడుతుంది. టైమ్‌లైన్ లాగినప్పుడల్లా బొమ్మ ఆగి ఆగి వస్తుంది, పోపు వేసే షాట్‌లో ఆవాలు చిటపటలాడే చోట కట్ పెట్టాలంటే ప్రాక్సీలు (ఎడిటింగ్ కోసం తేలికపాటి నకళ్ళు) చేసుకునేదాకా ఆగాలి. ఫోన్ వీడియో మామూలుగా 4:2:0, అంటే రంగుల వివరం తక్కువ ఉండేది కాబట్టి దానికి రెండింటిలో ఏదైనా సరిపోతుంది. డాకర్, జావాకి కూడా అంతే.

నిజాంపేట్_బ్యాకెండ్:

ఇప్పుడే చూశాం. కెమెరాలో హెచ్.265, 4:2:2 10 బిట్ అనే ఉంది, రంగులు బాగుంటాయని ఎవరో చెబితే పెట్టుకుందట. ఎడిటింగ్ నత్తనడక నడుస్తుంటే పాత ప్రాసెసర్ కదా అనుకున్నాం. అయితే ఎఫ్ లేని 13400, డీడీఆర్4 బోర్డు ఖాయం. ఇంటెల్ 13వ తరం చిప్‌లు పాడవుతున్నాయని విన్నాను, అదొక్కటే టెన్షన్.

అమీర్‌పేట్_ఎడిటర్:

ఆ గొడవకి ఇంటెల్ వారంటీని అదనంగా రెండేళ్ళు పొడిగించింది, ఆ జాబితాలో ఉన్నవి ఐ5 13600కే, ఆపై చిప్‌లు. 13400 అందులో లేదు. అయినా బోర్డు తెచ్చిన రోజే బయాస్ అప్‌డేట్ చేసెయ్యండి, 2024లో ఇచ్చిన మైక్రోకోడ్ (చిప్ లోపలి ఆదేశాల) సవరణలు అందులో వస్తాయి.

మలక్‌పేట్_బెంచ్:

బోర్డు బీ760 (చిప్‌సెట్ పేరు) ఉన్నది తీసుకో, పెట్టె మీద డీడీఆర్4 అని రాసి ఉందో లేదో చదివి మరీ. ఒకే పేరుతో డీడీఆర్5ది కూడా అమ్ముతారు, స్లాట్‌లో గాడి వేరేచోట ఉంటుంది, నీ స్టిక్ అందులో దిగదు. డబ్బు కట్టే ముందు షాపులోనే సాకెట్ మూత తీయించి, ఫోన్ లైట్ వేసి పక్క నుంచి పిన్నులు చూడు. వరుసలో ఒక్కటి వంగి మెరిసినా ఆ బోర్డు వద్దను, ఇంటికి తెచ్చాక నువ్వే వంచావంటారు. నీ పాత ఎస్‌ఎంపీఎస్‌లో (పవర్ సప్లై) సీపీయూ పవర్‌కి 4 పిన్నులదే ఉంటే అది కూడా మార్చాలి, 8 పిన్నులది కావాలి. బాక్స్‌లో వచ్చే కూలర్ సరిపోతుంది, నాలుగు మూలలా పిన్నులు టక్కుమని దిగాలి, ఒకటి లేచి ఉన్నా వేడి ఎక్కుతుంది. బయాస్‌లో పవర్ లిమిట్ చూడు, కొన్ని బోర్డులు దాన్ని పూర్తిగా వదిలేసి వస్తాయి. ఎండాకాలం దాటేదాకా 65 వాట్లకి కట్టెయ్, ఎక్స్‌పోర్టు కొంచెం నెమ్మదిస్తుంది గానీ టైమ్‌లైన్‌కి ఏమీ కాదు, అది చూసుకునేది క్విక్ సింక్ కాబట్టి.