మనుషులదే పైచేయి అనే మతరాజ్యం: నాగులకు ఆత్మ ఉందనాలా, లేదనాలా?

మొలకరాత:
నవల కోసం ఒక రాజ్యం కడుతున్నాను. దేవుడు మనిషిని మాత్రమే తన చేత్తో చేశాడు, మిగతా జాతులన్నీ ఆయన చేతులు కడుక్కున్న నీళ్ళలోంచి పుట్టాయి అన్నది వాళ్ళ మతం. ఏలేది పీఠాధిపతి. యక్షులు, మరుగుజ్జులు, నాగులు కిందివాళ్ళు. నాగులు 300 ఏళ్ళు బతుకుతారు, చెరువుల తూములన్నీ వాళ్ళ చేతుల్లోనే. రాజ్యం వయసు 400 ఏళ్ళు. "మనిషి కానివాడికి ఆత్మ లేదు" అని శాస్త్రంలో రాసుకున్నాను. మతంలోకి వస్తే సమానమే అనే దారి తెరిచి ఉంచితే కాఠిన్యం సడలిపోతుందని నా భయం. మనిషికీ మరో జాతికీ పుట్టిన సంకరులను అసలు పెట్టదలచుకోలేదు. ఇది నిలబడుతుందా?

దస్త్రం:
నిలబడదండి. "ఆత్మ లేదు" వినడానికి కఠినంగా ఉంటుంది గానీ రాజ్యాన్ని నడపదు. ఎద్దు చేలో పడి మేస్తే బందెలదొడ్డికి తోలతారు, దానిచేత ప్రమాణం చేయించరు. నాగుడిచేత పాపం ఒప్పించాలన్నా, శిక్షించి నలుగురికీ చూపాలన్నా వాడికి ఆత్మ ఉండితీరాలి. పీఠానికి పట్టు వచ్చేదే అక్కడ.

స్పెయిన్ చూడండి. 1449లో తొలేదోలో పన్ను మీద అల్లరి లేచి, యూదు మతం నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్ళకు, వాళ్ళ సంతానానికి ఊరి పదవులు ఇవ్వకూడదని కట్టడి చేశారు. జ్ఞానస్నానం పొందినవాళ్ళంతా ఒకటేనని చర్చి సిద్ధాంతం. అందుకే పోప్ ఐదవ నికొలస్ అదే ఏడు దాన్ని ఖండించాడు. అయినా ఆ కట్టడి రక్తశుద్ధి నియమం పేరుతో పాకుతూనే పోయింది, 1547లో తొలేదో కతీడ్రల్ దాకా వచ్చింది. సిద్ధాంతం తలుపు తెరిచింది, దస్తావేజు మూసింది. మీ కాఠిన్యం ఉండాల్సింది శాస్త్రంలో కాదు, గుమస్తా బల్ల మీద.

నడిజాము:
దస్త్రం గారూ, మీ పోలికలో ఒక పెద్ద తేడా జారిపోయింది. స్పెయిన్‌లో దేవుడు బదులు పలకలేదు. అమెరికా మూలవాసులు నిజంగా మనుషులేనని 1537లో పోప్ మూడవ పాల్ ప్రకటించినా, 1550-51లో స్పెయిన్‌లోని వల్యదోలిద్‌లో మూలవాసుల పక్షాన లాస్ కాసాస్ అనే మతగురువు, వాళ్ళను లొంగదీయడం న్యాయమేనన్న సెపూల్వేదా అనే పండితుడు వాళ్ళ గురించే వాదించుకోవాల్సి వచ్చింది. తేల్చే పరీక్ష లేదు కాబట్టే అది తెగలేదు. మొలకరాత గారి లోకంలో మంత్రం పనిచేస్తుందనుకుందాం. తీర్థం పోస్తే మనిషి గాయం మానుతుందంటే, నాగుడి గాయం కూడా మానుతుందా? మానితే "ఆత్మ లేదు" ఒక్క సాయంత్రంలో కూలిపోతుంది. మానకపోతే అదే సత్యం, అప్పుడు వాళ్ళ మతం దురహంకారం కాదు, లోకజ్ఞానం. శాస్త్రంలో ఒక్క వాక్యం రాసేముందు ఇది తేల్చుకోండి.

తీర్థం అందరి మీదా పనిచేయాలి, పీఠం పెట్టే పరీక్ష మాత్రం వేరేది కావాలి అంటాను నేను. ఉదాహరణకు గడప దగ్గర రాగి చెంబు: వేలు ముంచితే నీళ్ళు ఆకుపచ్చగా మారినవాడు అశుద్ధుడు. రాగిలో పులుపు ఉంచకూడదని ఏ వంటింట్లోనైనా తెలుసు. ముందురాత్రి పుల్లటి మజ్జిగ పూసి ఆరనిచ్చిన చెంబులో చిలుము పట్టి ఉంటుంది. పొద్దున్నే కాస్త నిమ్మరసం కలిసిన నీళ్ళు పోసి, వేలితో అడుగు రుద్దమంటే చాలు, ఆకుపచ్చ తేలుతుంది. చింతపండుతో తోమిన చెంబు ఎవరికి పెట్టాలో, తోమనిది ఎవరికి పెట్టాలో గడప కాపలావాడికి తెలుసు. మీ మతరాజ్యం మొత్తం ఆ తోమడంలో ఉంది.

చెరుకుతోట:
ఇద్దరూ తూముల సంగతి మరిచారు. 1609 సెప్టెంబరులో స్పెయిన్‌లోని వాలెన్సియా నుంచి మొరిస్కోలను, అంటే ఇస్లాం నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్ళ సంతతిని, వెళ్ళగొట్టారు. రేవులకు కదలడానికి మూడు రోజుల గడువు. అదే ఉత్తర్వులో ఇంకో మాట ఉంది: నూరిళ్ళ ఊరిలో ఆరు కుటుంబాలు ఉండిపోవచ్చు. ఎందుకు? ఇళ్ళు, చక్కెర గానుగలు, వరి కోతలు, సాగునీటి కాలువలు చూసుకోవడానికి. 1614 దాకా స్పెయిన్ మొత్తం మీద సుమారు మూడు లక్షల మంది వెళ్ళారు, వాలెన్సియా జనంలో దాదాపు మూడో వంతు పోయింది. వద్దని మొత్తుకున్నది ఎక్కువగా ఆ ఊళ్ళ దొరలే, వాళ్ళ కౌళ్ళు పోయాయి మరి.

కాబట్టి మీ శాసనంలోనూ "నూటికి ఆరు" లాంటి ఒక పంక్తి పెట్టండి. ఏ తూము ఎన్ని జానలు ఎత్తితే ఏ మడి తడుస్తుందో తెలిసిన నీరటిని తరిమేస్తే, మొదటి పెద్దవానకే కట్ట తెగుతుంది. ఆ ఆరుగురిని ఎవరు ఎంచుతారన్న దగ్గరే లంచం పుడుతుంది.

దస్త్రం:
తూము మాట ఒప్పుకుంటాను. చెంబు మాట సగమే. చెంబు ఒక్కరిని పట్టిస్తుంది, వంశాన్ని పట్టించదు. వంశం తేలాలంటే పెళ్ళికి ముందు సాక్షుల మాట రాసుకోవాలి. లెక్క వేద్దాం. 40,000 మంది ఉన్న పట్నంలో ఏడాదికి 350 పెళ్ళిళ్ళు అనుకోండి. వధూవరులకు తాతలు, అవ్వలు ఎనమండుగురు. ఒక్కొక్కరికి ఇద్దరు సాక్షులు, అంటే పెళ్ళికి 16 వాంగ్మూలాలు, ఏడాదికి 5,600. రోజుకు ఎనిమిది రాసే గుమస్తా 250 రోజుల్లో 2,000 రాస్తాడు. ముగ్గురు చాలు. ఏడు తరాలు చూడాలంటే ఏడో తరంలోనే మనిషికి 128 మంది పూర్వీకులు, పట్నమంతా గుమస్తాలే ఉండాలి. రెండు తరాల దగ్గర ఆపండి.

చిక్కు ఇంకోటి ఉంది. 300 ఏళ్ళ నాగుడు పెళ్ళికొడుకు ముత్తవ్వకు ముత్తవ్వను చూసే ఉంటాడు. ఎవరి ఇంట్లో ఎవరి రక్తం కలిసిందో వాడికి కంఠస్థం. అందుకే చట్టం ఇలా ఉండాలి: తన పాపం మీద నాగుడి ప్రమాణం చెల్లుతుంది, మనిషి పుట్టుక మీద చెల్లదు. స్పెయిన్‌లో చర్చి మతవిచారణలో శిక్ష పడినవాళ్ళ సాన్‌బెనీతో అనే అంగీని పేరుతో సహా ఊరి చర్చిలో వేలాడదీసేవారు, చివికిపోతే కొత్తది కట్టేవారు. మనుషులు మరిచిపోతారనే ఆ ఏర్పాటు. నాగులకు ఆ అవసరం లేదు, అదే పీఠానికి ప్రమాదం.

నడిజాము:
అందుకే సంకరులను తీసేయకండి మొలకరాత గారూ. సర్పయాగాన్ని ఆపింది ఎవరు? ఆస్తీకుడు. తండ్రి ముని, తల్లి నాగకన్య. రెండు వైపులా నిలబడగలిగినవాడు కాబట్టే జనమేజయుడి యాగశాలలో అతని మాట చెల్లింది. మీ శాస్త్రం ఎంత బిగువైతే అలాంటివాడి ఒక్క అడుగుకి అంత బరువు వస్తుంది.

మొలకరాత:
సంకరులను పెడుతున్నాను. శాస్త్రం ఇలా మార్చాను: "ఆత్మ ఉంది, కానీ బాకీపడ్డ ఆత్మ. ఏడు తరాలు సేవ చేస్తే బాకీ తీరుతుంది."

దస్త్రం:
బాగుంది, కానీ అంకె చూసుకోండి. నాగుల తరం నూరేళ్ళు అనుకుంటే ఏడు తరాలకు 700 ఏళ్ళు, మీ రాజ్యానికి 400 ఏళ్ళే. ఒక్క నాగ కుటుంబమూ ఇంకా తీర్చి ఉండదు. సంకరులు మనుషుల్లా 25 ఏళ్ళకో తరం చొప్పున పెరిగితే 175 ఏళ్ళకే తీరిపోతుంది. అంటే మొదటి అర్జీ 225 ఏళ్ళ కిందటే పీఠానికి చేరింది. దాన్ని ఏ పెట్టెలో పెట్టి తాళం వేశారో ముందు రాయండి.