ఆకుల్లేని కొమ్మల నిండా పూలు: బొటానికల్ గార్డెన్ చెట్ల గురించి రెండు సందేహాలు

ఉదయపు నడక (ప్రశ్న):

ఫిబ్రవరి మొదటి వారం నుంచి మా నగరంలోని బొటానికల్ గార్డెన్‌కు రోజూ నడకకు వెళ్తున్నాను. వానలు ఆగిపోయి మూడు నెలలు దాటినా, తెల్లవారుజామున చలి ఇంకా వదలకపోయినా, ఒక్క ఆకైనా లేని మూడు రకాల చెట్లు కొమ్మకొమ్మకూ పూసి ఉన్నాయి. వాటిలో మోదుగను, మానంతా ముళ్ళున్న బూరుగను గుర్తుపట్టగలిగాను. పసుపుపచ్చని పూలున్న మూడో చెట్టు పేరుపలక విరిగిపోయింది. ఆహారం తయారుచేసే ఆకులే లేనప్పుడు, నేలలో తడి కూడా లేనప్పుడు, ఇన్ని పూలకు కావలసిన బలం చెట్టుకు ఎక్కడినుంచి వస్తుందన్నది నా మొదటి సందేహం. పక్కపక్కనే ఉన్న రెండు మోదుగల్లో ఒకటి నిప్పు అంటుకున్నట్టు పూయగా, రెండోది ఆకులతో పచ్చగా ఉండి పదో పదిహేనో పూలతో సరిపెట్టుకోవడం ఎందుకన్నది నా రెండో సందేహం. ఆ చెట్టుకు ఏదైనా తెగులు పట్టిందా?

పాతవేరు (జవాబు):

వానాకాలమంతా ఆకులు తయారుచేసిన ఆహారంలో కొంత భాగాన్ని చెట్టు పిండిపదార్థంగా మార్చి మానులోనూ వేళ్ళలోనూ దాచుకుంటుంది. ఇప్పుడు మీరు చూస్తున్న పూలు ఆ నిల్వ మీద పూసినవే. నీటి సంగతి ఇంకా ఆసక్తికరమైనది. చెట్టు తాగే నీటిలో చాలా భాగం ఆకుల గుండానే ఆవిరైపోతుంది కనుక, ఆకులు రాలిపోగానే ఆ ఖర్చు దాదాపు ఆగిపోతుంది. లోతుకు దిగిన వేళ్ళు మాత్రం అడుగున మిగిలిన కొద్దిపాటి తడిని పీలుస్తూనే ఉంటాయి కాబట్టి, ఎండిపోయినట్టు కనిపించే మాను లోపల మళ్ళీ నీరు నిండుతుంది, ఆ నీటి బలంతోనే మొగ్గలు విచ్చుకుంటాయి. అందువల్ల ఆకులు రాల్చడాన్ని పూతకు అడ్డంకిగా కాక, పూతకు ముందు జరిగే ఏర్పాటుగా చూడాలి.

ఈ కాలంలోనే పూయడానికి కారణం కూడా కనిపిస్తూనే ఉంటుంది. ఆకుల చాటు లేని పువ్వు పక్షికి దూరం నుంచే కనబడుతుంది. ఇప్పుడు పూస్తేనే వానల నాటికి గింజ సిద్ధమవుతుంది: బూరుగు కాయలు ఎండాకాలంలో పగిలి దూదితోపాటు గింజలను గాలికి వదులుతాయి, మోదుగ కాయ కొసన ఒకే గింజ ఉండి మిగతాదంతా పలుచని రెక్కలా పనిచేస్తుంది. చదువులేని అందగాణ్ణి వాసనలేని కింశుకంతో పోల్చే సుభాషితం మనలో చాలామంది బడిలో చదువుకున్నదే. ఆ కింశుకం ఈ మోదుగే. కవికి అది లోపంగా కనిపించింది గాని, మోదుగ దగ్గరికి తేనె కోసం వచ్చే గోరింకలు, తేనెపిట్టలు వాసనను బట్టి కాక రంగును చూసి వస్తాయి కాబట్టి, ఆ చెట్టుకు సువాసనతో పెద్దగా పని లేదు.

చలిదేశం (జవాబు):

చలి దేశాల ఉద్యానవనాల్లో చెర్రీ, మాగ్నోలియా చెట్లు కూడా ఆకులకు ముందే పూస్తాయి కదా, ఇది కూడా అదే పద్ధతి అనుకుంటున్నాను.

పాతవేరు (జవాబు):

చూపుకు ఒకటే గాని లోపలి లెక్క వేరండీ. చెర్రీ పూమొగ్గ అంతకుముందటి వేసవిలోనే ఏర్పడి నిద్రపోతుంది, కొన్ని వారాలపాటు గట్టి చలి తగిలితే తప్ప ఆ నిద్ర తీరదు, ఆ తరువాత వచ్చే వెచ్చదనమే దాన్ని విప్పుతుంది. అందుకే చెర్రీ పూత తేదీ వాతావరణానికి కొలబద్ద అయింది; జపాన్‌లోని క్యోటోలో 9వ శతాబ్దం నుంచి ఆ తేదీల వివరాలు దొరుకుతున్నాయి, 2021లో అక్కడ మార్చి 26నే పూత నిండుదశకు చేరింది. మన మోదుగకు అలాంటి చలి అవసరం లేదు. దానికి కావలసినది పొడికాలం.

రాలినపువ్వు (జవాబు):

పసుపు చెట్టును గుర్తించాలంటే పైకి చూడకుండా కింద రాలిన పువ్వును చేతిలోకి తీసుకోండి. అయిదు రేకులు విడివిడిగా, పళ్ళెంలా పరుచుకుని, మధ్యలో లెక్కలేనన్ని పసుపు కేసరాలుంటే అది కొండగోగు. రేకులన్నీ కలిసి ఒకే గొట్టంలా, అంచు దగ్గర ముడతలు పడి ఉంటే అది టబేబియా. దాని సొంత ఊరు అమెరికా ఖండపు ఉష్ణప్రాంతాలు, మన నగరాలకు అందం కోసం తెచ్చి నాటారు. ఈ రెంటి పూల ఆకారంలో ఎలాంటి పోలికా లేకపోయినా దూరం నుంచి పసుపు రంగును చూసి చాలామంది పొరబడతారు. ఒకప్పుడు నేనూ పొరబడి నలుగురికీ తప్పు పేరు చెప్పాను.

రెండో మోదుగకు తెగులు పట్టిందని నేననుకోను. ఒకే జాతిలో చెట్టుకూ చెట్టుకూ పూత కాలం కొంత తేడాగా ఉండడం మామూలే. అయితే ఆ చెట్టు మొదట్లో తడి ఉందేమో ఒకసారి చూడండి; వేళ్ళకు నీరు అందుతూనే ఉంటే ఆకులు ఆలస్యంగా రాలుతాయి, పూత కూడా వెనకబడి పలచబడవచ్చు.

ఉదయపు నడక (జవాబు):

అందరికీ కృతజ్ఞతలు. ఈరోజు రెండూ చూసి వచ్చాను. పసుపు చెట్టు కింద దొరికిన పువ్వుకు అయిదు విడి రేకులు ఉన్నాయి కాబట్టి అది కొండగోగే. ఆకులు రాలని మోదుగకు నాలుగడుగుల దూరంలో పచ్చిక ఉంది; ఉదయం ఏడు గంటలకు వెళ్ళేసరికి తోటమాలి దానికి పైపుతో నీళ్ళు పెడుతున్నాడు.