విజయనగరంలో ఇంటి దగ్గర వయొలిన్ నేర్పడం మొదలుపెట్టాను, సలహా కావాలి

అందరికీ నమస్కారం. మాది విజయనగరం. ఇక్కడి సంగీత కళాశాలలోనే వయొలిన్ డిప్లొమా చేశాను. 1919లో మొదలైన కాలేజీ అది. వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు పాఠం చెప్పిన చోట నేర్చుకున్నానంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

కచేరీల్లో పక్కవాద్యం వాయిస్తాను. అవి దసరాకి, శ్రీరామనవమికి ఉంటాయి, మిగతా నెలల్లో ఖాళీ. అందుకే సాయంత్రాలు ఇంట్లో పాఠాలు మొదలుపెట్టాను. ఇప్పటికి ముగ్గురు వస్తున్నారు.

నాకు ఎక్కువ టెన్షన్ పెడుతున్నది ఎనిమిదేళ్ల బాబు. వాళ్ల నాన్నగారు పెద్దవాళ్ల సైజు వయొలిన్ కొనేశారు. బాబు ఎడమ చెయ్యి పూర్తిగా చాస్తే తప్ప వేళ్లు స్వరస్థానాలకు అందవు. భుజం బిగబట్టి వాయిస్తున్నాడు, శ్రుతి నిలవడం లేదు. హాఫ్ సైజు తీసుకోమంటే, "ఎలాగూ ఎదుగుతాడు కదండీ, రెండుసార్లు కొనడం ఎందుకు?" అంటున్నారు. ఆ మాటా నిజమే, డబ్బు ఊరికే రాదు. కానీ ఈ వయసులో చెయ్యి తప్పుగా అలవాటైతే తర్వాత సరిచేయడం చాలా కష్టం. మీరైతే ఎలా చెప్పి ఒప్పిస్తారు? శ్రీకాకుళం, విజయనగరం, వైజాగ్‌లలో చిన్న సైజువి అద్దెకు గానీ, పాతవి గానీ దొరుకుతాయా?

ఇంకొకటి. మాయామాళవగౌళ రాగంలో మొదటి పాఠాలైన సరళీ స్వరాలు రెండో కాలానికి, అంటే రెట్టింపు వేగానికి, రాకముందే సినిమా పాట నేర్పమంటున్నారు. మధ్యలో ఒకటి నేర్పితే పిల్లలకు ఉత్సాహం వస్తుందా, లేక కమాను (బో) పట్టు చెడుతుందా?

ఫీజు నెలకు తీసుకోవాలా, క్లాసుకా? రాని రోజులకు ఏం చేస్తారు? ఇంట్లో పాఠాలు చెప్పిన అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.